మూగ గొట్టం

మా మామయ్య నలభై ఏళ్ల పనిలో ఒకే ఒక్కసారి తప్పు గొట్టం ఎంచారు. అదీ సొంత కూతురి బండికి. ఆ వేసవి సంగతి మా ఇంట్లో ఎవరినడిగినా నసుగుతారు. మా ఆయనకైతే మామూలు రోజుల్లోనే నోట్లో నాలుక ఉండదు. నాకు ఆ లోటు లేదు కాబట్టి నేను చెబుతాను.

మాది గొట్టాలు వంచే షాపు. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో పద్నాలుగు ఇనుప మెట్లు. కారు ఇంజన్‌లో పొగ బయటికొచ్చే రంధ్రాలు నాలుగుంటే, ఒక్కోదానికి ఒక్కో గొట్టం బిగించి, కిందికి వంచి, చివర నాలుగింటినీ ఒకటిగా కలుపుతారు. దాన్ని హెడర్ అంటారు. వంచడం, అతకడం నేర్చుకుంటే ఎవరికైనా వస్తాయి. ఏ ఇంజన్‌కు ఎంత లావు గొట్టం వేయాలన్నదే అసలు విద్య. అది మామయ్య ఒక్కరికే తెలుసని పందెం బండ్లవాళ్లందరి నమ్మకం.

పెళ్లైన కొత్తలో నేను ఊరికే ఉండలేక, లావు గొట్టమే వేసేస్తే పొగ ధారాళంగా పోతుంది కదా అని అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. "సన్నగా ఉంటే పొగ వేగంగా పోతుందమ్మా. పోతూ పోతూ సిలిండర్లో మిగిలినదాన్ని కూడా లాక్కుపోతుంది. అప్పుడు ఇంజన్ తక్కువ వేగంలో కూడా బలంగా లాగుతుంది. లావు చేశావనుకో, పొగ నింపాదిగా షికారు పోతుంది. అలాగని మరీ సన్నం చేస్తే పై వేగంలో ఊపిరాడదు." నేను కుట్టుపని చేసేదాన్ని, చొక్కా చెయ్యి మరీ వదులైనా, మరీ బిగుతైనా కుదరదని తెలుసు కాబట్టి నాకు వెంటనే తలకెక్కింది.

నా కుట్టు మిషను షాపు ముందు గదిలో, వెలుతురున్న మూల ఉండేది. ఒక పక్క ఇనుము కోస్తూ ఇంకో పక్క గుడ్డ కుట్టడమేమిటని వచ్చినవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ షాపులో కొలతలు తీసుకునేది నేనొక్కదాన్నే. మామయ్య కొలిచేవారు కాదు, వినేవారు. గోడకు మూడు సెట్ల గొట్టాలు మేకులకు వేలాడుతుండేవి. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లవి, నలభై ఒకటివి, నలభై నాలుగువి. ఒక్కో సెట్టూ ఇంజన్‌కు తాత్కాలికంగా బిగించి, మా ఆయన యాక్సిలరేటర్ నెమ్మదిగా పెంచుతుంటే, మామయ్య రెండడుగుల దూరంలో కళ్లు మూసుకుని నిలబడేవారు. సరైన సెట్టు వచ్చినప్పుడు చూపుడువేలు పైకి లేచేది. "పలికింది" అనేవారు. అంతే, ఇక దానికి తిరుగులేదు.

ఆ వేసవి మొదట్లో మా ఆడపడుచు బండి వంతు వచ్చింది. ఆమెను ఇంట్లో అందరం చిన్నది అంటాం. చిన్నది కొండ రోడ్డు పందేలు నడిపేది. బండ్లన్నీ కలిసి పరిగెత్తే పందెం కాదది. ఒక్కొక్క బండీ ఒంటరిగా మూడు కిలోమీటర్లు, పదకొండు మలుపులు ఎక్కాలి. గడియారమే పోటీ. వేసవి మొత్తానికి నాలుగు పందేలు, వాటిలో బాగా వచ్చిన మూడింటినే లెక్కలోకి తీసుకుంటారు. చివర మొదటి ముగ్గురిలో ఉన్నవాళ్లకు ఒక కంపెనీ తన టీములో డ్రైవరు ఉద్యోగం ఇస్తుంది. ఇరవై ఏడు దాటినవాళ్లను తీసుకోరు. చిన్నదానికి ఆ శీతాకాలం ఇరవై ఏడు నిండుతాయి. ఈ వేసవి తప్పితే ఇక జీవితాంతం మా షాపులో బిల్లులు రాసుకుంటూ కూర్చోవాలని ఆమే అనేది.

ముందు ముప్పై ఎనిమిది సెట్టు బిగించారు. మా ఆయన యాక్సిలరేటర్ తొక్కారు. నేను బిగింపులు పట్టుకుని పక్కనే ఉన్నాను. కింది నుంచి పైదాకా ఎక్కడా తడబాటు లేకుండా, సన్నగా, పదునుగా లేచింది ఆ శబ్దం. నాకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నోరు విప్పని మా ఆయన కూడా నవ్వారు. మామయ్య మాత్రం కళ్లు తెరిచి, తల అడ్డంగా ఊపారు.

"ఇది మూగది. తీసెయ్యండి" అన్నారు.

నలభై ఒకటికీ అదే మాట. నలభై నాలుగు బిగించాక ఇంజన్ కింది వేగంలో గొణిగి, పైకెళ్లాక మొద్దుగా మోగింది. బల్ల మీద పానాలు కదిలాయి. మామయ్య వేలు లేచింది. మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నలభై ఏళ్ల చెవి అది, పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? చిన్నది పైకి మాత్రం సంబరపడింది, గెలిచే బండ్లకు లావు గొట్టాలే ఉంటాయట. నేనూ నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదటి పందెంలో చిన్నది ఏడో స్థానంలో వచ్చింది. మలుపు తిరిగాక బండి లేవట్లేదని, వెనక ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుందని చెప్పింది. మామయ్య ఆమె మాట పూర్తిగా కానివ్వలేదు.

"ఆడలేక మద్దెల ఓడందట" అన్నారు. "బండిలో లోపం లేదు. కాలు బరువు చాలట్లేదు నీకు. మలుపులో ఎందుకు వదులుతున్నావు యాక్సిలరేటరు?"

చిన్నది పైకెళ్లి స్నానాలగదిలో నీళ్లు వదులుకుని ఏడ్చింది. ఆ నీళ్ల చప్పుడు ఎందుకో ఇంట్లో ఆడవాళ్లకు మాత్రమే తెలుస్తుంది. మా ఆయన మూడు సాయంత్రాలు కార్బురేటర్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు. దానిలో ఏ లోపమూ కనపడలేదు.

ఇక్కడ మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆమె అప్పటికి రెండేళ్లుగా మామయ్యతో మాట్లాడటం లేదు. "భోజనం చల్లారుతోందని మీ మామయ్యకు చెప్పు" అనేవారు నాతో. మామయ్య ఆ బల్లకే అటువైపు కూర్చుని ఉండేవారు. నేను తపాలా బంట్రోతులా ఆ మాటే మళ్లీ ఆయన ముఖం మీద చెప్పేదాన్ని. ఎందుకిదంతా అని ఒకసారి అడిగితే, "గోడకు చెప్పుకుంటే పెచ్చులైనా రాలతాయి. ఆయనకు చెప్పుకోవడం నా వల్ల కాదు" అన్నారు. అంతకు మించి చెప్పలేదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఏవో ఉంటాయిలే అని నేనూ తవ్వలేదు.

మామయ్యకు ఇంకో పట్టింపు ఉండేది. ఆయనతో పని ఉన్నవాళ్లు ఎదురుగా వచ్చి మాట్లాడాలి. వెనక నుంచి పిలిస్తే పలికేవారు కాదు. ఎవరైనా నొచ్చుకుంటే, చాటున మాట్లాడేవాళ్లంటే తనకు గిట్టదనేవారు. నిక్కచ్చి మనిషని అందరూ గౌరవించేవారు. ఆయన నడిచి వస్తుంటే వినియోగదారులు కూడా సర్దుకుని ఎదురుగా నిలబడేవారు.

రెండో పందెంలో చిన్నది తండ్రి మాట నిలబెట్టాలని పంతం పట్టింది. మలుపుల్లో కూడా యాక్సిలరేటర్ వదలకుండా ఇంజన్‌ను పై వేగంలోనే ఉంచాలని చూసింది. ఆరో మలుపులో బండి గిర్రున తిరిగి, రోడ్డు పక్కన పేర్చిన గడ్డి మోపుల్లోకి దూసుకెళ్లింది. మేం వెళ్లేసరికి దిగి నిలబడి ఉంది. ఎడమ మణికట్టు వాచిపోయింది. ఎముక విరగలేదన్నాడు డాక్టరు. ఆ గడ్డి మోపుల వెనక ఏముందో నేను వంగి చూశాను. ఏమీ లేదు, కింద లోయ తప్ప.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మామయ్య ముందు సీట్లో కూర్చుని, చిన్నదానివైపు తిరిగి, "భయపడ్డావు" అన్నారు. ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. నాకు ఆయన మీద ఒళ్లు మండింది.

మూడో పందేనికి ఇంకా పదమూడు రోజులున్నాయి. మా ఆయన గ్యాసు సిలిండరు తేవడానికి వెళ్లారు. నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. ఉన్నట్టుండి కింద చెవులు చిల్లులు పడేలా ఒకటే ఈల. గాలి కంప్రెసర్ గొట్టం తెగిందని అర్థమైంది. ఆ మెట్లు నేను ఎలా దిగానో నాకే తెలియదు. తెగిన రబ్బరు గొట్టం నేల మీద అటూ ఇటూ కొట్టుకుంటోంది. దానికి మూడడుగుల దూరంలో మామయ్య వీపు తిప్పి బల్ల దగ్గర నిలబడి, ఒక గొట్టం మీద సుద్దతో గీతలు గీసుకుంటున్నారు. చీమ కుట్టినట్టైనా లేదు ఆయనకు.

పరుగెత్తి గాలి కట్టేశాను. ఈల ఆగింది. ఆయన అప్పుడూ తిరగలేదు.

"మామయ్యా" అన్నాను.

సుద్ద కదులుతూనే ఉంది.

"మామయ్యా, షాపు తగలబడుతోంది."

ఆ మాట కొంత నవ్వులాటకే అన్నాను. ఇంకో అడుగు దగ్గరికి వెళ్లాను. ఆయన ఎదురుగా నిలబడి ఏనాడూ అనలేని మాట అప్పుడు, మామూలు గొంతుతో, ఆయన వీపుకు చెప్పాను.

"మీరు చిన్నదాని బండికి తప్పు గొట్టం వేశారు."

మామయ్య సుద్దపొడి ఊదారు. గొట్టం మీద ఏదో అంకె వేసుకున్నారు. తర్వాత ఆ సుద్దముక్కను అలవాటుగా చెవి మీద పెట్టుకున్నారు.

నేను బల్ల చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాను. ఆయన నా ముఖం చూశారు, ఆ తర్వాత నేల మీది తెగిన గొట్టం చూశారు. అది ఎప్పుడు తెగిందని అడిగారు. ఇందాకేనని, మేడ మీదికి కూడా బాగా వినపడిందని చెప్పాను. మామయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచారు.

"ఇంట్లో చెప్పకమ్మా" అన్నారు.

ఎప్పటి నుంచని నేను అడగలేదు. ఆయనే చెప్పుకొచ్చారు. ముందు పిట్టల అరుపులు పోయాయట. తర్వాత టెలిఫోను గంట, కుక్కరు కూత. తర్వాత ఆడవాళ్ల గొంతులు. పెదాలు చూసి నెట్టుకొస్తున్నారట. నలభై ఏళ్లు మోత పక్కన నిలబడితే చెవులు ఇంకేమవుతాయని ఆయనే నవ్వబోయారు.

"ఇంజన్లు మాత్రం వినపడతాయి. చిన్నదాని బండి విన్నాను కదా. నలభై నాలుగు పలికింది."

చెప్పక తప్పలేదు. "మాకందరికీ ముప్పై ఎనిమిది పలికింది, మామయ్యా" అన్నాను, ఆయనకు అందేలా నెమ్మదిగా.

ఆయన నా పెదాలవైపే చూస్తూ ఉన్నారు, ఇంకో మాట వస్తుందేమోనన్నట్టు. తర్వాత పక్కనున్న గొట్టాల కుప్ప మీద కూర్చున్నారు. ఆ కుప్ప మీద ఎవరైనా కూర్చుంటే ఆయనే తిట్టేవారు. అంత పెద్దమనిషి అలా కూర్చోవడం నేను చూడలేకపోయాను. కానీ వాచిన ఆ మణికట్టు, మోపుల వెనక లోయ కూడా నా కళ్ల ముందే ఉన్నాయి.

"నేనెవరికీ చెప్పను. కానీ చిన్నది మళ్లీ ఆ గొట్టాలతో కొండెక్కకూడదు. అది మాత్రం మీరే చూసుకోవాలి" అన్నాను.

తర్వాత మూడు రోజులు మామయ్య షాపులో ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు మింగలేక కక్కలేక ఉండేది. మా ఆయన ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. పెళ్లయ్యాక ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది, పైగా ఆయన దాన్ని నమ్మారు. నాలుగో రోజు పొద్దున్నే మామయ్య గోడ మీది మూడు సెట్లూ దించి బండిలో వేయించారు. గోదాముల వెనక ఎత్తు రోడ్డుకు వెళ్దామన్నారు. ఆదివారాలు అక్కడ లారీలు తిరగవు.

అక్కడికెళ్లాక చిన్నదాన్ని నడపమన్నారు. ఒక దీపస్తంభం దగ్గర మూడో గేరులో, నెమ్మదైన వేగం నుంచి ఒక్కసారిగా తొక్కి, పైనున్న దీపస్తంభం దాకా వెళ్లాలి. ఇంజన్‌కు కష్టం కలిగించే పరీక్ష అది. మలుపు తిరిగాక కొండ ఎక్కడం సరిగ్గా ఇలాగే ఉంటుంది. నా చేతికి గడియారం ఇచ్చారు. ఆయన మాత్రం ఎప్పటిలా బయట కళ్లు మూసుకుని నిలబడలేదు. వెళ్లి చిన్నదాని పక్క సీట్లో కూర్చుని, వీపు సీటుకు ఆనించి, అరచేతులు రెండూ తొడల మీద పెట్టుకున్నారు.

నలభై నాలుగుతో పద్నాలుగు సెకన్లు పైన పట్టింది. నలభై ఒకటితో పదమూడున్నర. సెట్టు మార్చిన ప్రతిసారీ ఇంజన్ చల్లారేదాకా ఆగాల్సి వచ్చేది. మా ఆయన చేతులు కాల్చుకుంటూ బిగించేవారు. ముప్పై ఎనిమిది సెట్టుతో బండి కింది స్తంభం దాటుతూనే ముందుకు దూకడం నేను కళ్లతోనే చూశాను. పైకెళ్లి, తిరిగి కిందికొచ్చి ఆగింది. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. నేను చెప్పేలోపే పక్క సీటు కిటికీలోంచి మామయ్య చెయ్యి బయటికొచ్చింది, చూపుడువేలు పైకి లేచి ఉంది.

"ఇదే" అన్నారు దిగుతూ. "నా వీపు ఇంకా పనిచేస్తోంది."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. చిన్నదాని ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

"తప్పు నీ కాలిది కాదమ్మా. నాది. నాకు చెవులు పోయాయి. రెండేళ్లు దాటింది. తెలిసిన ఇంజన్లకు పాత అలవాటుతో నెట్టుకొచ్చాను. నీ బండి దగ్గర లావు గొట్టం మోత ఒక్కటే నా ఛాతీకి తగిలింది. అదే పలకడం అనుకున్నాను."

మా ఆయన చేతిలో పానా అలాగే ఉండిపోయింది. చిన్నది ఎత్తు అంచుదాకా నడుచుకుంటూ వెళ్లింది. అక్కడ చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చి తండ్రి ఎదురుగా ఆగింది. అప్పటికే ఎలా నిలబడి మాట్లాడాలో ఆమెకు తెలిసిపోయింది.

"ఆడలేక మద్దెల ఓడన్నావు నన్ను."

"అన్నాను. మద్దెల నిజంగానే ఓడు."

"భయపడ్డానని కూడా అన్నావు."

"అదీ అన్నాను" అన్నారు మామయ్య. చిన్నది బాగున్న చేత్తో ఆయన చొక్కా కాలరుకు అంటిన మసి తుడిచింది. ఆ మసి పోయేది కాదని మా అందరికీ తెలుసు, అయినా తుడుస్తూనే ఉంది.

ఇంటికెళ్లాక వంటగదిలో తల్లికి ఈ సంగతి చెప్పింది చిన్నదే. అత్తయ్య కూరగాయలు తరుగుతున్నారు. అంతా విని, "రెండేళ్లంటే సరిగ్గా ఎప్పటి నుంచి?" అని ఒక్క ప్రశ్న వేశారు. ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆమె కత్తి కింద పెట్టి, తరిగిన ముక్కల్ని చూస్తూ కూర్చున్నారు. పొయ్యి నేనే వెలిగించాను.

మర్నాడు పొద్దున అత్తయ్య మెట్లు దిగి షాపులోకి వచ్చారు. నేను మిషను మీద ఉన్నాను. మామయ్య బల్ల దగ్గర వీపు తిప్పి ఉన్నారు. ఆమె ఆయన వెనకాల ఒక్క క్షణం ఆగి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఎదురుగా నిలబడ్డారు. రెండేళ్ల తర్వాత ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట నేను విన్నాను. వినకూడదనిపించినా, మిషను తొక్కి ఆ మాటలు మింగేయడానికి కాలు రాలేదు.

"మా చెల్లెలు మంచం పట్టినప్పుడు, ఒక్కసారి తీసుకెళ్లండని మిమ్మల్ని అడిగాను. ఆ రోజు మీరు కిటికీవైపు తిరిగి టీ తాగుతున్నారు. రెండుసార్లు అడిగాను. మీరు తాగి గ్లాసు పెట్టేసి కిందికెళ్లిపోయారు. నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్లాను. నేను చేరేసరికి..." అని ఆగిపోయారు.

మామయ్య ఆమె ముఖం చూస్తూ ఉన్నారు.

"అడిగావా?" అన్నారు.

అత్తయ్య తలూపారు. ఆమె పైకెళ్లిపోయారు. మామయ్య ఆ పూట పని ముట్టలేదు. ఆ చెల్లెలు పోయినప్పుడు మామయ్య అంత్యక్రియలకు వెళ్లారట, అత్తయ్య తనవైపు ఎందుకు చూడలేదో తెలియక తిరిగొచ్చారట. మాట్లాడనిది ఆమె అనుకుని ఆయన, పట్టించుకోనిది ఆయన అనుకుని ఆమె, ఒకే బల్ల దగ్గర రెండేళ్లు తిన్నారు. ఆ మధ్యలో మాటలు మోసిన నాకైనా తట్టలేదు.

ముప్పై ఎనిమిది గొట్టాలతో కొత్త హెడర్ నాలుగు రోజుల్లో తయారైంది. మూడో పందెంలో చిన్నది రెండో స్థానంలో వచ్చింది, అదీ చేతికి కట్టుతో. అయితే మొదటి పందెంలో వచ్చిన ఏడో స్థానం మెడకు రాయిలా వేలాడుతోంది. నాలుగోది గెలిస్తే తప్ప ఆ కంపెనీ ముగ్గురిలో చోటు లేదు. రెండో స్థానం కూడా చాలదు. ఈ లోపు మామయ్య తన చెవుల సంగతి దాచకుండా షాపుకొచ్చినవాళ్లకల్లా చెప్పేశారు. గొట్టం సైజు ఇకపై ఎత్తు రోడ్డు మీద, గడియారంతో, మా కోడలు తేలుస్తుందన్నారు. కొంతమంది రావడం మానేశారు. కొంతమంది చొక్కాలు కుట్టే ఆమె హెడర్లు కుడుతుందా అని నవ్వారు. వాళ్లలో ఇద్దరికి నేనే తర్వాత చేసిపెట్టాను, అది వేరే సంగతి.

చివరి పందెం రోజు అత్తయ్య తానూ వస్తానన్నారు. ముప్పై అయిదేళ్లలో ఆమె ఒక్క పందేనికీ రాలేదు. ఇంట్లో మోత చాలదా, ఇంకా బయటికొచ్చి వినాలా అనేవారు.

కొండ కింద నిలబడితే మొదటి రెండు మలుపులే కనపడతాయి. ఆ తర్వాత బండి చెట్ల వెనక్కి పోతుంది. మిగిలిన తొమ్మిది మలుపులూ శబ్దమే. చిన్నదాని బండి బయల్దేరింది. మొదటి మలుపు, రెండో మలుపు. అంతే, ఇక రోడ్డు ఖాళీ. జనమంతా తలలెత్తి కొండవైపు చెవులు పెట్టారు. మామయ్య కూడా ముఖం అటే పెట్టి, చేతులు ప్యాంటు పక్కన రుద్దుకుంటున్నారు. అక్కడ ఆయన వీపుకు ఆనడానికి ఏ సీటూ లేదు.

అప్పుడు అత్తయ్య ఆయన ముందుకు వచ్చి నిలబడ్డారు. కొండకు వీపు పెట్టి, ఆయనకు ముఖం పెట్టి.

"మూడోది దాటింది" అన్నారు. "కింద ఎక్కడా గొణగలేదు. గేరు మార్చింది. నాలుగు. ఇప్పుడు గొంతు తగ్గింది, మలుపులో ఉంది. లేచింది. వెంటనే లేచింది."

ఏ పదానికి ఆ పదం విడిగా, పెదాలు పూర్తిగా కదిలిస్తూ చెబుతున్నారు. మామయ్య ఆమె నోటి మీంచి చూపు తిప్పలేదు. ఆరో మలుపు దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగారు. "దాటింది" అన్నారు. ముప్పై అయిదేళ్లు ఆ షాపు పైన కాపురమున్న మనిషి. ఏ ఇంజన్ ఎక్కడ తడబడుతుందో ఆమెకు తెలిసినంత మాలో ఇంకెవరికీ తెలియదని నాకు ఆ రోజే తెలిసింది. ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు, మొదటి రోజు నుంచీ.

"పది. పదకొండు. ఇంకా పెంచుతోంది. సన్నగా, కత్తిలా ఉంది. ఆగింది. పైకి చేరింది."

నేను ఫలితం చెప్పే బల్ల దగ్గరికి పరుగెత్తాను. కాసేపటికి మైకులో చదివారు. చిన్నదే మొదట. రెండోవాడికీ ఆమెకూ మధ్య సెకనులో మూడో వంతు. మా ఆయన అందరి ముందూ గట్టిగా కేకేశారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. నేను వెనక్కి పరుగెత్తాను, మామయ్యకు ముందు నేనే చెప్పాలని.

వాళ్లిద్దరూ ఉన్నచోటే ఉన్నారు. బండి ఎప్పుడో ఆగిపోయింది, అత్తయ్య మాత్రం ఆగలేదు. చివరి రోజుల్లో చెల్లెలు నీళ్లు కూడా మింగలేకపోయిందని చెబుతున్నారు. అక్కా బావా రాలేదా అని అడిగిందట. ఏ కిటికీ పక్కన మంచం వేశారో, ఏ దుప్పటి కప్పారో చెబుతున్నారు. అన్నీ అలాగే విడి విడి మాటల్లో, పెదాలు పూర్తిగా కదిలిస్తూ. మామయ్య కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, అయినా తుడుచుకోవడం లేదు. తుడుచుకుంటే ఆ కాసేపూ ఆమె మాట కనపడదు.

గెలిచిన సంగతి చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. వాళ్లకు కాస్త దూరంలో, చెప్పాల్సినప్పుడు చెబుదామని నిలబడ్డాను.